సైగల బడిలో మైకక్క

టౌన్ బస్సుల్లో ఆ కండక్టరమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. డ్రైవర్లకూ, రోజూ ఎక్కే ఆఫీసు జనానికీ, గంపలు ఎక్కించుకునే కూరగాయలవాళ్ళకూ ఆమె మైకక్క. వెనక గుమ్మంలో నిలబడి “ఆసుపత్రి, ఆసుపత్రి” అని కేకేసిందంటే, ముందు సీట్లో కునికిపాట్లు పడుతున్నవాడు జబ్బేమీ లేకపోయినా దిగిపోయేవాడని డ్రైవర్లు చెప్పుకుని నవ్వుకునేవారు. ఒకసారి డిపోలో మైకు పాడైతే మేనేజరు ఈమెను కుర్చీ మీద నిలబెట్టి బస్సుల వేళలు చెప్పించాడని ఒక కథ కూడా ఉంది. అది నిజమేనా అని ఎవరైనా అడిగితే ఆమె ఔననదు, కాదనదు. “ఆ వారం ఎవరికీ బస్సు తప్పిపోలేదు, అంతవరకు తెలుసు” అంటుంది.

అలాంటి మనిషి కడుపున వినపడని పిల్ల పుట్టింది.

పిల్లకు గడ్డం మీద పుట్టుమచ్చ ఉండటం వల్ల ఇంట్లో చుక్క అనేవారు. ఆ పిలుపు పిల్లకు చేరడం లేదని చాలాకాలం ఎవరికీ తెలియలేదు. తల్లి ఎదురుగా వస్తే నవ్వేది, చేయి చాపితే వచ్చేది. ఒకరోజు వంటింట్లో మైకక్క చేతిలోంచి ఇత్తడి పళ్ళెం జారి నేల మీద పడింది. కిటికీలో పిల్లి ఎగిరి దూకింది. చుక్క మాత్రం గోడవైపు తిరిగి గరిటెలతో ఆడుకుంటూ ఉండిపోయింది. మైకక్క పళ్ళెం తీసి, ఈసారి కావాలని వదిలింది. మళ్ళీ తీసి మళ్ళీ వదిలింది. పక్కింటివాళ్ళు ఏమైందని వచ్చి తలుపు కొట్టేదాకా ఆ పళ్ళేన్ని అలా వదులుతూనే ఉంది.

భర్త బస్సుల గ్యారేజీలో మెకానిక్కు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని దాచుకునే రకం. భార్యాభర్తలిద్దరి మాటలూ ఆ ఇంట్లో మైకక్కే మాట్లాడేది. కానీ కూతురితో కుదిరింది మాత్రం ఆయనకే. గ్యారేజీకి తీసుకెళ్ళి, నడుస్తున్న ఇంజను మూత మీద పిల్ల అరచేయి పెట్టించేవాడు. ఎలా ఉందన్నట్టు కనుబొమ్మలు ఎగరేసేవాడు. ఇంజను సాఫీగా ఉంటే పిల్ల తలాడించేది. ఎక్కడో కొట్టుకుంటుంటే ముక్కు చిట్లించేది. “దీని మాట ఇంతవరకు తప్పలేదు” అని ఆయన తోటి మెకానిక్కులతో చెప్పుకునేవాడు. ఆయన అంత పొడుగు మాట చెప్పడమే వాళ్ళకు విడ్డూరం.

చుక్కకు ఇంకా బడికి వెళ్ళే వయసు రాకముందే ఆయనకు కాలేయం జబ్బు ముదిరింది. ఉన్న ఊళ్ళో నయం కాలేదని పెద్దాసుపత్రికి వేరే ఊరు తీసుకెళ్ళారు. మైకక్క తన అక్కను ఇంటికి రప్పించి, పిల్లను ఆమె దగ్గర వదిలి వెళ్ళింది. తిరిగి ఒంటరిగా వచ్చింది. తండ్రి ఏడని పిల్ల గుమ్మంవైపు చూపించి అడిగితే, మైకక్క చేయి దూరంగా చాపి, తర్వాత రెండు అరచేతులూ చెంప కింద పెట్టుకుని చూపించింది. దూరంగా. నిద్ర. ఆమె దగ్గర ఉన్న సైగలు అవే. అంతకంటే మంచివి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేవు.

ఆ అక్క ఇక వెనక్కి వెళ్ళలేదు. చెల్లెలు డ్యూటీకి పోతే పిల్లను చూసుకోవడానికని ఉండిపోయి, ముందుగదిలో కుట్టు మిషను వేసుకుంది. చుక్కకు ఆమె పెద్దమ్మ. కత్తెరకు అప్పుడప్పుడు సాన పట్టించాల్సి వచ్చేది కానీ, ఆమె నాలుకకు ఆ అవసరం రాలేదు. మనసు మాత్రం మెత్తన.

తర్వాత చుక్కను దూరంలో ఉన్న వినపడని పిల్లల హాస్టలు బడిలో చేర్చారు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చేతుల నిండా మాటలు తెచ్చుకునేది. బస్సు దిగుతూనే వేళ్ళు గాలిలో ఎగిరేవి, కళ్ళూ భుజాలూ కూడా మాట్లాడేవి. తల్లి నవ్వుతూ తలాడించేది. అర్థం కాక తలాడిస్తోందని పిల్లకు రెండో రోజుకే తెలిసిపోయేది. మూడో రోజు నుంచి ఇంట్లో పాత సైగలే మిగిలేవి. తిను, పడుకో, స్నానం, వద్దు, రా.

చదువు పూర్తయి ఇంటికొచ్చాక చుక్క అట్టపెట్టెలు తయారుచేసే చోట పనికి కుదిరింది. ఫోను వచ్చింది కాబట్టి రాసుకోవచ్చు కదా అనుకున్నారు. “అమ్మ రేపు నేను పని వెళ్ళు లేదు” అని చుక్క పంపేది. చేతుల భాషలో పెరిగిన పిల్లకు రాత భాష పరాయిది. మైకక్క దాన్ని సరిచేసి, “రేపు నేను పనికి వెళ్ళడం లేదు, ఇలా రాయాలి” అని తిరిగి పంపేది. బాగుపడుతుందనే ఆమె ఉద్దేశం. కొన్నాళ్ళకు చుక్క నుంచి “లేటు” అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాకుండా పోయింది. కోపం వస్తే తలుపు దబాలున వేసేది. ఆ చప్పుడు తనకు వినపడదు. వీళ్ళకు వినపడాలని వేసేది.

ఒక ఉదయం చుక్క పని మధ్యలో కడుపు పట్టుకుని ఇంటికొచ్చింది. మనిషి రెండుగా వంగిపోయి ఉంది. మైకక్క డ్యూటీ వదిలేసి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

“నొప్పి ఎప్పట్నుంచి?” అన్నాడు డాక్టరు. “ముందు ఎక్కడ మొదలైంది? వాంతులయ్యాయా?”

మైకక్కకు తెలియదు. కూతురి వైపు తిరిగి అవే ప్రశ్నలు గట్టిగా అడిగింది. వార్డంతా వినపడింది, వినాల్సిన మనిషికి తప్ప. నర్సు కాగితం, పెన్ను ఇచ్చింది. ఆ నొప్పిలో చుక్క రాసిన నాలుగు ముక్కలూ ఒకదానికొకటి అతకలేదు. డాక్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “మీరు తల్లే కదమ్మా” అన్నాడు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు. అయినా ఆ మాట మైకక్కకు ములుకులా దిగింది.

నర్సుకు ఒకావిడ తెలుసు. అదే వీధిలో ఉంటుంది, ఆవిడకూ వినపడదు, వినపడని పిల్లలకు చదువు చెప్తుంది. నర్సు ఫోనులో రెండు ముక్కలు రాసి పంపగానే ఆవిడ వచ్చింది. నడివయసు మనిషి, తల తడిగా ఉంది, స్నానం చేసి అలాగే వచ్చినట్టుంది. మంచం పక్కన కూర్చుని చుక్క ముఖంలోకి చూసి వేళ్ళు కదిపింది. చుక్క బదులు చెప్పింది. ఆవిడ మళ్ళీ అడిగింది. అంత బాధలోనూ చుక్క ముఖం విచ్చుకోవడం మైకక్క చూసింది. టీ చల్లారేంత సేపట్లో డాక్టరుకు కావాల్సినదంతా ఆవిడ ఫోనులో రాసి చూపించింది. నొప్పి కొద్దిరోజులుగా ఉంది. బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకు దిగింది. అమ్మ డబల్ డ్యూటీ చేస్తోంది కదా, ఎలా చెప్పాలో తెలియక ఓర్చుకుంది.

అపెండిక్స్ అని చెప్పి వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. ఇంకాస్త ఆలస్యమైతే కడుపులో పగిలేదని డాక్టరు తర్వాత చెప్పాడు.

బయట బల్ల మీద మైకక్క, ఆ టీచరమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. మైకక్కకు ఆవిడ చేతులు పట్టుకుని ఏదో చెప్పాలని ఉంది. ఊళ్ళో ఏ మూలకైనా వినపడే గొంతు ఉంది, అది ఇక్కడ చెల్లని నోటు. చివరికి రెండు చేతులూ జోడించింది. టీచరమ్మ ఆ చేతుల్ని విడదీసి, ఫోనులో రాసి చూపించింది. “వచ్చే నెల నుంచి ఆదివారాలు ఒక తరగతి పెడుతున్నాం. వినపడని ఆడపిల్లలకీ, వాళ్ళింట్లో ఆడవాళ్ళకీ. గ్రాంటు వచ్చింది. మీరు రండి.”

మెయిన్ రోడ్డులో మందుల షాపు నడిపే ఆవిడ మహిళా సంఘానికి సెక్రటరీ. ఆ గ్రాంటు వెనక ఉన్నది ఆవిడా, టీచరమ్మా. చిన్న ఊళ్ళలో ఆడవాళ్ళ కోసం, ఆడపిల్లల కోసం జరిగే పనులకు సాయం చేసే నిధి ఒకటుందని ఎక్కడో చదివి, అడగందే అమ్మయినా పెట్టదని ఇద్దరూ కూర్చుని అర్జీ రాశారు. ఒకసారి తిరిగొస్తే మళ్ళీ రాశారు. టీచరు జీతం, గది అద్దె, వచ్చేవాళ్ళకు బస్సు చార్జీ, చంటిపిల్లల్ని ఆడించడానికి ఒక మనిషి, వీటితో పాటు ఆ పూట పని మానుకుని వచ్చే తల్లులకు పోయిన కూలి కూడా అందులో అడిగారు. కూలి మాట తీసేస్తే బాగుంటుందని ఎవరో సలహా ఇస్తే మందుల షాపావిడ ఒప్పుకోలేదట. “చెవులు వినపడని పిల్ల ఉన్నంత మాత్రాన ఆ తల్లికి ఆదివారం పొయ్యి దానంతటదే వెలుగుతుందా?” అన్నదట.

ఇంటికొచ్చి మైకక్క ఈ సంగతి చెబితే అక్క మిషను తొక్కడం ఆపలేదు.

“నీ కూతురితో మాట్లాడటం నీకు ఇంకొకళ్ళు నేర్పాలా? ఇన్నాళ్ళూ పస్తులుంచావా దాన్ని?”

“పస్తులుంచలేదు. ఆకలేస్తోందా అని మాత్రమే అడిగాను. వేరే ఏం అడిగాను చెప్పు.”

“ఈ వయసులో చేతులు తిప్పుకుంటూ కూర్చుంటే నలుగురూ నవ్వుతారు.”

“నలుగురూ నా బస్సే ఎక్కాలి. నవ్వుకోనీ” అంది మైకక్క. మేనేజరు దగ్గరికెళ్ళి ఆదివారం డ్యూటీ మార్పించుకుంది.

తరగతి మందుల షాపు పైగదిలో. టింక్చరు వాసన మెట్లెక్కి అక్కడిదాకా వచ్చేది. నేలంతా చాపలు, ఒక గోడకు నిలువుటద్దం. తమ చేతులు ఎదుటివాళ్ళకు ఎలా కనపడతాయో చూసుకోవడానికి ఆ అద్దం. మొదటిరోజు టీచరమ్మ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ చెప్పులు చూపించింది, తర్వాత వాళ్ళ గొంతులు చూపించింది. రెండూ బయటే వదిలి రమ్మని. లోపల ఒక్క మాట పైకి రాకూడదు.

కూరగాయలమ్మే తల్లి ఉంది, ఇళ్ళలో పనిచేసే తల్లి ఉంది, మనవరాలి కోసం వచ్చిన ఒక ముసలమ్మ ఉంది. అందరికీ కష్టంగానే ఉంది కానీ మైకక్క అవస్థ చూడాల్సిందే. చేయి లేవకముందే నోరు లేచేది. టిక్కెట్లు చింపీ చింపీ బొటనవేలు మొద్దుబారి, చిటికెనవేలు ఒంటరిగా వంగనని మొరాయించేది. టీచరమ్మ చూసి చూసి ఆమె నోట్లో ఒక పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది. అది కరిగేదాకా నోరు తెరవకూడదు. కరగగానే ఇంకోటి. మొదటి నెలంతా మైకక్క పిప్పరమెంటు వాసనతో ఇంటికి వచ్చేది.

ఒక ఆదివారం ఆమె లేచి నిలబడి, “ఇవాళ పెద్దమ్మ వంట చేసింది” అని చెప్పబోయింది. చేతులు ముందువెనకలయ్యాయి. అమ్మాయిలంతా ఒక్కసారి నవ్వారు. చుక్క అయితే చాప మీద వెనక్కి పడి నవ్వింది. ఆ పిల్ల నవ్వు పెద్దగా, ఎగుడుదిగుడుగా, గొంతు లోతుల్లోంచి వస్తుంది. ఇంట్లో ఎప్పుడైనా అలా నవ్వితే పెద్దమ్మ వేలు పెదాల మీద పెట్టి, బయట జనం ఉన్నారని సైగ చేసేది. మైకక్క కూడా వద్దనేది. ఈ గదిలో ఎవరూ వేలు పెట్టలేదు. కూతురి నవ్వు ఇంత ఉందా అని మైకక్క అలా చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం అక్కతో చెప్పింది. “ఇవాళ క్లాసులో నిన్ను వండేశాను.”

అక్క తలెత్తకుండానే, “ఉప్పు సరిపోయిందా?” అంది.

“ఉప్పు సరిపోయింది. కారమే ఎక్కువైంది.”

వినపడనివాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చేతితోనే పేరు పెట్టుకుంటారు. అక్షరాలతో పని లేదు, మనిషిలో ఏది గుర్తుంటే అదే పేరు. చుక్క పేరు గడ్డం మీద వేలితో ఒక పొడుపు. తల్లులకు పేర్లు పెట్టే రోజు వచ్చింది. పెట్టాల్సింది కూతుళ్ళే. కూరగాయలావిడకు తక్కెడ పేరైంది, ముసలమ్మకు బోసినోరు. మైకక్క తన వంతు కోసం చూస్తూ, టిక్కెట్టు చింపినట్టు చూపిస్తుందనుకుంది. లేకపోతే పెద్దగా తెరిచిన నోరు.

చుక్క కాసేపు ఆలోచించి, అరచేత్తో గాలిలో రెండుసార్లు చరిచింది.

అదేమిటో ఎవరికీ తెలియలేదు. చుక్క నెమ్మదిగా, తల్లికి అందేలా చెప్పింది. చిన్నప్పుడు అమ్మ నన్ను బస్సులో కూర్చోబెట్టుకునేది. జనంలో అమ్మ కనపడేది కాదు. బస్సు కదలమని అమ్మ రేకు మీద రెండుసార్లు చరుస్తుంది కదా. ఆ దెబ్బ నా వీపుకు తెలిసేది. అమ్మ ఉందిలే అనుకునేదాన్ని.

మైకక్క నోట్లో బిళ్ళ ఎప్పుడో కరిగిపోయింది. నోరు తెరవకుండానే ఆమె ఆ పేరును గాలిలో చరిచి చూసుకుంది.

ఆ తర్వాత వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ ఇంట్లో ఉతికిన దుప్పట్లు మడత పెడుతున్నారు. చెరో అంచు పట్టుకుని దగ్గరికి రావడం, మళ్ళీ దూరం జరగడం. ఉన్నట్టుండి చుక్క తన అంచు వదిలేసింది. చేతులు ఖాళీ లేకపోతే మాట లేదు కదా.

“ఒకటి అడగనా?” అన్నాయి చేతులు.

మైకక్క కూడా అంచు వదిలింది. దుప్పటి ఇద్దరి మధ్యా నేల మీద పడింది.

“నాన్న నా మీద కోపంతో వెళ్ళాడా?”

మైకక్కకు ప్రశ్న అర్థమైంది. అందుకే మళ్ళీ అడగమంది. చుక్క మళ్ళీ అడిగి, ఎందుకలా అడుగుతోందో చెప్పింది. నాన్న ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు, తను ఆయన స్పానరు తీసుకెళ్ళి మురిక్కాలవలో వేసింది. ఆయన చాలాసేపు వెతికాడు. మర్నాడు మంచం మీద నుంచి లేవలేదు, ఆ తర్వాత ఇంట్లో లేడు. దూరంగా నిద్రపోతున్నాడని అమ్మ చెప్పింది. సరే, ఎక్కడో పడుకుని ఉంటాడు, లేపి తీసుకురావాలి అనుకుంది. బస్టాండులో బల్లల మీద నిద్రపోయే మగవాళ్ళందరి ముఖాల్లోకీ వంగి చూసేది. దుప్పటి కప్పుకున్నవాళ్ళ దుప్పటి తీసి చూసేది.

మైకక్కకు గుర్తుంది. పరాయి మగవాళ్ళ మొహాల్లోకి వంగి చూస్తోందని రెక్క పుచ్చుకుని లాక్కొచ్చేది. ఒకసారి కొట్టింది కూడా.

“చనిపోవడం అంటే ఏమిటో బడిలో తెలిసింది. వేరే అమ్మాయి వాళ్ళ నాన్న పోతే వార్డెన్ చెప్పింది. అప్పుడు మా నాన్న కూడా అంతే అని తెలుసుకున్నాను. కానీ కోపంగానే పోయాడా అని మాత్రం ఎవర్నీ అడగలేదు.”

మైకక్క నేల మీద కూర్చుంది. కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తన దగ్గరున్న సైగలన్నీ కూడగట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. జబ్బు. కాలేయం. చాలా నెలల ముందు నుంచీ. నీ వల్ల కాదు, స్పానరు వల్ల కాదు. స్పానరు సంగతి నాన్న నాకు ఆసుపత్రిలో చెప్పాడు. “నా స్పానరు ఈదగలదో లేదో నీ కూతురు పరీక్ష పెట్టింది, అది ఫెయిలైంది” అన్నాడు. చెప్తూ నవ్వాడు. ఆయన నవ్వితే పక్క మంచంవాళ్ళు కూడా తిరిగి చూశారు.

చుక్క కళ్ళు తల్లి వేళ్ళ మీద నుంచి కదల్లేదు.

మైకక్క ఇంకా చెప్పింది. ఆయన మంచం పక్కన ఏదో మిషను ఆడుతూ ఉండేది. మంచం ఇనుప పట్టీ అదిరేది. ఆయన దాని మీద అరచేయి పెట్టి, “ఈ ఇంజను బాగాలేదు. చుక్క ఉంటే ముక్కు చిట్లించేది” అన్నాడు. నిన్ను తీసుకురమ్మన్నాడు. ఆసుపత్రిలో చిన్నపిల్లలు వద్దన్నారు, నేను తీసుకురాలేదు. ఆయన నీ కోసం...

అక్కడ ఆగిపోయింది. బెంగ అన్న మాటకు ఆమె దగ్గర సైగ లేదు. గుండె మీద చేయి పెట్టింది, గుమ్మం చూపించింది, తల అడ్డంగా ఊపింది, ఏదీ సరిపోలేదు. చుక్క ముందుకు వంగి ఆమె చేయి పట్టుకుంది. వేళ్ళు మడిచి, ఛాతీకి ఆనించి, మెల్లగా కిందికి జార్చింది. ఇది. దీన్ని బెంగ అంటారు. మైకక్క అదే చేసి చూపించింది. నాన్నకు నీ మీద బెంగ. చివరిదాకా.

చుక్క ఏడ్చింది. కాసేపయ్యాక ముఖం తుడుచుకుని, “ఇంకా చెప్పు” అంది. ఆయన ఏం తినేవాడు, ఎలా నడిచేవాడు, తను పుట్టినప్పుడు ఏమన్నాడు. ఒక మాటకు మూడు తప్పులతో మైకక్క చెప్తూనే ఉంది. చుక్క ఒక్క తప్పూ దిద్దలేదు. అక్క టీ తెచ్చింది. ఇద్దరినీ, నేల మీది దుప్పటినీ చూసింది. గ్లాసులు పక్కన పెట్టి ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది. ఆమె జీవితంలో అదొక వింత.

ఏడాది చివర నిధి తరఫున ఒక మేడమ్ చూడటానికి వచ్చింది. మందుల షాపావిడ ముందురోజే గదికి వెల్ల వేయించి, ఆ ఒక్క పూటకు గొంతుల రూలు సడలించి, ఎవరేం మాట్లాడాలో పంచిపెట్టింది. మైకక్కకు గొంతుంది కాబట్టి ముగింపు మాటలు ఆమెవి. మేడమ్ మాత్రం పంచిన వరస పట్టించుకోకుండా చాప మీద కూర్చుని, మామూలుగా అడిగింది.

“ఈ ఏడాదిలో మీ ఇంట్లో ఏం మారిందండీ?”

ముసలమ్మ ముందు అందుకుంది. “నా మనవరాలు నన్ను తిడుతోందమ్మా. ఇదివరకూ తిట్టేదేమో, నాకు తెలిసేది కాదు.”

అందరూ నవ్వారు. మేడమ్ మైకక్క వైపు చూసింది. మైకక్క నేర్చుకొచ్చిన ముక్కలు మర్చిపోయింది.

“మేమిప్పుడు బాగా పోట్లాడుకుంటున్నాం మేడమ్” అంది. “ఇదివరకు తలుపు చప్పుడయ్యేది, అంతటితో సరి. ఇప్పుడు ఎందుకు కోపమో చెప్తుంది. నేనూ చెప్తాను. ఒక్కోసారి పొయ్యి మీద కూర మాడిపోతోంది. చేతులు ఖాళీ ఉండవు కదా.”

ఇంతలో ఆమె గొంతు ఎందుకో తగ్గింది. “ఆ డబ్బు ఎవరెవరు ఇచ్చారో మాకు తెలియదు. మమ్మల్ని వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. వాళ్ళు కనపడితే మా మాటగా చెప్పండి. మా ఆయన పోయి ఇన్నేళ్ళయింది. ఆయన ఎలా పోయాడో నా కూతురికి మొన్న వానల్లో చెప్పగలిగాను. వాళ్ళు బస్సు చార్జీ ఇచ్చామనుకుంటారేమో. మాకు అందింది ఇది.”

మేడమ్ ఏమీ రాసుకోలేదు. చుక్క తల్లి పెదాలు చూస్తూ కూర్చుంది. ఏం చెప్పావని తర్వాత అడిగితే, మైకక్క అదంతా మళ్ళీ చేతులతో చెప్పింది. రెండోసారే ఇంకా బాగా చెప్పిందని టీచరమ్మ అభిప్రాయం.

గ్రాంటు మళ్ళీ వచ్చింది. అడిగినంత రాలేదు, అయినా ఈసారి ఎక్కువ కాలానికి ఇచ్చారు. బొమ్మల పుస్తకాలు, వెల్లలూ మానుకున్నారు కానీ చార్జీలూ కూలీ ముట్టుకోలేదు. చుక్కను జీతమిచ్చి సహాయ టీచరుగా తీసుకున్నారు. వారమంతా అట్టపెట్టెలు, ఆదివారం బడి. ఆ ఆసుపత్రి నుంచి ఇద్దరు నర్సులు కూడా నేర్చుకోవడానికి వచ్చారు. ఆరోజు టీచరమ్మను పిలిపించిన నర్సు వాళ్ళలో ఒకరు.

అక్క చాలాకాలం మెట్టు దిగలేదు. ఇంట్లో తల్లీకూతుళ్ళు కూర్చుని చేతులతో ఏదో చెప్పుకుని పకపకా నవ్వుతుంటే కళ్ళద్దాల మీదుగా చూసేది. చూసీ చూసీ ఒకరోజు మిషను ఆపేసింది.

“ఏం నవ్వుకుంటున్నారు? నా గురించేనా?”

“కాదక్కా, డ్రైవరు గురించి.”

“నేనెలా నమ్మేది? నా ఇంట్లో నన్నే చెవిటిదాన్ని చేసి కూర్చోబెట్టారు ఇద్దరూ” అంది. ఆ మాట అన్నాక కళ్ళద్దాలు తీసి చుక్క వైపు చూసింది. తర్వాతి ఆదివారం మంచి చీర కట్టుకుని అందరికంటే ముందుగా తరగతి మెట్లెక్కింది. సూదిలో దారం ఎక్కించే వేళ్ళు కాబట్టి చెల్లెలి కంటే తొందరగా పట్టుబడింది. ఇప్పుడు వీధి కబుర్లన్నీ చుక్కకు ఆమే చేరవేస్తుంది. ఎవరి గురించి చెప్తున్నారో వాళ్ళు ఎదురుగా ఉన్నా ఇబ్బంది లేకపోవడం ఆమెకు బాగా నచ్చిన సంగతి.

ఈమధ్య ఒక ఆదివారం కొత్తగా ఒక తల్లి వచ్చింది. చిన్న వయసు, చంకలో ఇంకా సరిగ్గా నడక రాని పిల్ల. పిల్లకు వినపడదని డాక్టరు చెప్పి నెల కూడా కాలేదట. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మైకక్క లేచి వెళ్ళి, పిల్లను అందుకుని చుక్క ముందు చాప మీద కూర్చోబెట్టింది. గొంతు బయట వదిలి రావాలన్న రూలు ఉంది కాబట్టి, ఆ అమ్మాయిని మెట్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

“ఇదెప్పటికి మాట్లాడుతుందక్కా?” అంది ఆ అమ్మాయి.

లోపల చుక్క చాప మీద బోర్లా పడుకుని, వచ్చిన పిల్లకు ముఖం దగ్గరగా పెట్టి, పిడికిలి తెరిచి మూస్తూ పాలు అన్న సైగ చూపిస్తోంది. పిల్ల కళ్ళార్పకుండా చూసింది. తనూ పిడికిలి తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది.

“నువ్వు తొందరగా వచ్చావమ్మా” అంది మైకక్క. తను వచ్చేసరికి చుక్క పనికి పోయే వయసు. ఆ అమ్మాయి వీపు మీద చేయి వేసింది. “అదిగో, నీ కూతురు పాలడుగుతోంది. వెళ్ళు.”